తుఫాను వెళ్లిపోయాకే ఎక్కువ ప్రాణాలు పోయాయి: 2017 హరికేన్ల సీజన్ ఏం చెబుతోంది?

2017 సెప్టెంబర్ 20న మరియా అనే హరికేన్ ప్యూర్టో రికో ద్వీపాన్ని తాకింది. రెండు వారాల తర్వాత కూడా ప్రభుత్వం చెబుతున్న మృతుల సంఖ్య 16 మాత్రమే. ఆ ఏడాది చివరికి అది 64 అయింది, అక్కడే ఆగిపోయింది. 2018 ఆగస్టు 28న అదే ప్రభుత్వం ఆ సంఖ్యను 2,975గా సవరించింది.

64 ఎక్కడ, 2,975 ఎక్కడ? ఈ మధ్యలో ఆ ద్వీపానికి మరో తుఫానేమీ రాలేదు. మరి మిగతా 2,900 మందికి పైగా ఎలా చనిపోయారు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే తుఫాను గురించి మనకున్న భయాల్లో ఏది సరైనదో, ఏది సరిపోదో అర్థమవుతుంది. 2017లో అమెరికా తీరాన్ని వరుసగా మూడు పెద్ద హరికేన్లు దెబ్బతీశాయి: హార్వీ, ఇర్మా, మరియా. మూడూ మూడు రకాలుగా ప్రాణాలు తీశాయి. పిల్లలు, అల్లుళ్లు అమెరికాలో ఉన్న కుటుంబాలకైనా, మచిలీపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తీరంలో ఉంటున్న కుటుంబాలకైనా ఆ మూడు కథలూ పనికొచ్చేవే.

హరికేన్, తుఫాను, టైఫూన్ వేర్వేరా?

కాదు. అట్లాంటిక్‌లో పుడితే హరికేన్ అంటారు, పసిఫిక్ పశ్చిమ భాగంలో చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ వైపు వస్తే టైఫూన్ అంటారు, మన బంగాళాఖాతంలో పుడితే తుఫాను అంటాం. పుట్టుక మాత్రం ఒకటే. సముద్రం పైనీరు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే ఆవిరి పైకి లేస్తుంది. పైకి వెళ్లాక చల్లబడి మేఘమవుతుంది, ఆ క్రమంలో తనలోని వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి మరింత పైకి పోతుంది, కింద ఖాళీ అయిన చోటికి చుట్టుపక్కల గాలి పరుగున వస్తుంది. భూమి తిరుగుతుండడం వల్ల ఆ గాలి సుడి తిరుగుతుంది. వెచ్చని నీరు దొరికినంతసేపు ఈ యంత్రం ఆగదు. నేల మీదికి వచ్చాక ఆవిరి అందక నీరసపడుతుంది.

మన 'తుఫాను' ఉర్దూ, ఫార్సీల మీదుగా వచ్చిన అరబీ మాట. అరబీలో దానికి ముంచెత్తే నీరు అని అర్థం. నూహ్ అలైహిస్సలాం కాలంలో వచ్చిన జలప్రళయానికి ఖుర్ఆన్ వాడిన పదం కూడా ఇదే. మనం వాడుకలో తుఫాను అనగానే గాలి గుర్తు చేసుకుంటాం గానీ, ఆ మాటలో ఉన్నది నీరే. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం లెక్కలూ ఇదే చెబుతున్నాయి. 1963 నుంచి 2012 వరకు యాభై ఏళ్లలో అమెరికాలో హరికేన్ల వల్ల నేరుగా జరిగిన మరణాల్లో దాదాపు 90 శాతం నీటి వల్లే జరిగాయి. అందులోనూ ఉప్పెన వాటా సగం, వాన వరదల వాటా నాలుగో వంతు. గాలి వల్ల పోయినవారు పది శాతంలోపే.

'కేటగిరీ' నంబరు దేన్ని కొలుస్తుంది?

టీవీలో హరికేన్ వార్త రాగానే కేటగిరీ 3, కేటగిరీ 4 అని వినిపిస్తుంది. ఈ కొలబద్దను 1970ల మొదట్లో హెర్బర్ట్ సాఫిర్ అనే ఇంజనీరు, రాబర్ట్ సింప్సన్ అనే వాతావరణ శాస్త్రవేత్త తయారుచేశారు. గంటకు 119 కిలోమీటర్ల గాలితో కేటగిరీ 1 మొదలవుతుంది, 252 దాటితే కేటగిరీ 5.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ నంబరు కొలిచేది గాలి వేగాన్ని మాత్రమే. ఎంత వాన పడుతుంది, ఎంత ఎత్తున ఉప్పెన వస్తుంది, తుఫాను ఎన్ని గంటలు ఒకేచోట నిలబడుతుంది, తర్వాత ఎన్ని రోజులు కరెంటు ఉండదు, ఇవేవీ అందులో లేవు. మన రేవుల్లో ఎగరేసే 'మూడో నంబరు', 'పదో నంబరు' ప్రమాద హెచ్చరికలు కూడా ఓడలకూ, రేవుకూ ఉద్దేశించినవే. ఊరి వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయో అవి చెప్పవు. నంబరు తగ్గగానే ప్రమాదం తగ్గిందని అనుకోవడం వల్లే చాలామంది మోసపోతుంటారు. హార్వీ విషయంలో జరిగింది కూడా అదే.

హార్వీ: కదలకుండా కురిసిన వాన

హార్వీ మొదట బలహీనపడి, మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం దగ్గర దాదాపు కనుమరుగైంది. ఆగస్టు 23న గల్ఫ్ ఆఫ్ మెక్సికో వెచ్చని నీళ్ల మీద మళ్లీ ప్రాణం పోసుకుంది. రెండు రోజులు తిరిగేసరికి కేటగిరీ 4 అయింది. ఆగస్టు 25 రాత్రి టెక్సస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర గంటకు సుమారు 210 కిలోమీటర్ల గాలులతో తీరం దాటింది.

అంత గాలికి ఎంతమంది పోయి ఉంటారని అందరూ భయపడ్డారు. కానీ అసలు విపత్తు అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హ్యూస్టన్‌లో జరిగింది, అదీ హార్వీ బలం తగ్గి హరికేన్ స్థాయి నుంచి కిందికి దిగాక. పైన నడిపించే గాలులు లేక అది టెక్సస్ తీరంలోనే నిలబడిపోయింది. గల్ఫ్ నుంచి తేమను లాక్కుని, తెచ్చి అదే చోట కుమ్మరించింది. మళ్లీ సముద్రంలోకి జారి, ఆగస్టు 30న లూసియానాలో రెండోసారి తీరం దాటింది.

టెక్సస్‌లోని నెదర్లాండ్ అనే ఊళ్లో మొత్తం 60.58 అంగుళాల వాన నమోదైంది. అంటే దాదాపు 1,540 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం మీద కురిసేది సగటున 800 మిల్లీమీటర్ల పైచిలుకు. మనకు రెండేళ్లలో పడే వాన దాదాపుగా వాళ్లకు వారం లోపే పడిందన్నమాట.

టెక్సస్‌లో హార్వీ నేరుగా 68 మంది ప్రాణాలు తీసింది. వాళ్లలో ముగ్గురు తప్ప అందరూ వాన వరదలోనే పోయారు. ఉప్పెన వల్ల పోయినవాళ్లు ఒక్కరూ లేరు.

హ్యూస్టన్ నగరం ఉన్న హారిస్ కౌంటీలో సుమారు 1,54,000 ఇళ్లు మునిగాయి. వాటిలో 68 శాతం ఇళ్లు ప్రభుత్వ పటాల్లో గీసిన ప్రధాన వరద ముంపు ప్రాంతానికి బయట ఉన్నవే. 'మనది ముంపు ప్రాంతం కాదు' అన్న ధీమాతో చాలామంది వరద బీమా తీసుకోలేదు. మునిగిన ఇళ్లలో 64 శాతానికి ఆ బీమా లేదు. అమెరికాలో మామూలు ఇంటి బీమాలో గాలికి కప్పు ఎగిరిపోతే డబ్బులొస్తాయి గానీ, వరద నీరు ఇంట్లోకి వస్తే రావు. దానికి వేరే పాలసీ తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ వరద బీమా పథకంలో పాలసీ కొన్నాక అది అమల్లోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది. తుఫాను వార్త విన్నాక కొంటే ఫలితం ఉండదు.

ఇంకో సంగతి. హ్యూస్టన్ పడమటి వైపు ఆడిక్స్, బార్కర్ అనే రెండు రిజర్వాయర్లు ఉన్నాయి. 1929, 1935లో వచ్చిన వరదల తర్వాత, నగరాన్ని కాపాడడానికి 1940లలో కట్టారు. మామూలు రోజుల్లో వాటిలో నీళ్లుండవు, చూస్తే పార్కుల్లా ఉంటాయి. కాలక్రమంలో ఆ రిజర్వాయర్లు నిండితే నీళ్లు నిలిచే భూముల్లో కాలనీలు వెలిశాయి. తాము కొన్న ఇల్లు రిజర్వాయర్ కడుపులో ఉందని చాలామందికి హార్వీ వచ్చేదాకా తెలియనే తెలియదు. ఆగస్టు 28న గేట్లు ఎత్తాక దిగువన బఫెలో బయూ వాగు ఒడ్డున ఉన్న ఇళ్లూ మునిగాయి. ఎగువన మునిగిన ఇళ్ల విషయంలో ప్రభుత్వానిదే బాధ్యత అని 2019 డిసెంబర్‌లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. హైదరాబాద్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ భూముల్లో ప్లాట్లు కొన్నవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు.

మరి హ్యూస్టన్‌ను ముందే ఎందుకు ఖాళీ చేయించలేదు? 2005లో రీటా హరికేన్ వస్తోందని ఆ ప్రాంతం నుంచి ఇరవై లక్షలకు పైగా జనం ఒకేసారి రోడ్డెక్కారు. ఎండలో, పెట్రోలు లేక, గంటల తరబడి కార్లలో ఇరుక్కుపోయారు. వృద్ధులను తరలిస్తున్న ఒక బస్సుకు మంటలంటుకుని 23 మంది చనిపోయారు. రీటా నేరుగా తీసిన ప్రాణాల కంటే ఆ తరలింపులో పోయిన ప్రాణాలే ఎక్కువ. ఆ అనుభవం వల్ల మేయర్ సిల్వెస్టర్ టర్నర్ హార్వీ సమయంలో ఇళ్లలోనే ఉండమన్నారు. ఆ నిర్ణయం మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. ఉప్పెన వచ్చే తీరం నుంచి కదలాల్సిందే. లోపలి నగరంలో లక్షల మందిని ఒకేసారి కదిలించడం మాత్రం మరో ప్రమాదం.

మస్జిద్ తలుపులు తెరుచుకున్నాయి

హ్యూస్టన్‌లో నీళ్లు ఇంకా తగ్గకముందే ఈదుల్ అజ్హా వచ్చింది. ఆ ఏడాది అక్కడ బక్రీద్ సెప్టెంబర్ 1, శుక్రవారం. అప్పటికే నగరంలోని జార్జ్ ఆర్ బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో 5,000 మందికి ఏర్పాట్లు చేస్తే 10,000 మంది చేరారు.

ఇస్లామిక్ సొసైటీ ఆఫ్ గ్రేటర్ హ్యూస్టన్ తన ఆధ్వర్యంలోని పలు మస్జిద్‌లను, సెంటర్లను పునరావాస కేంద్రాలుగా మార్చింది. ఏ మతం వాళ్లయినా రావచ్చని ప్రకటించింది. ఒకప్పటి బాస్కెట్‌బాల్ తార హకీమ్ ఒలాజువాన్ పాత బ్యాంకు భవనాన్ని కొని డౌన్‌టౌన్‌లో ఇస్లామిక్ దావా సెంటర్‌గా మార్చారు. దాని తలుపులూ బాధితుల కోసం తెరిచారు.

మస్జిద్‌లో ఇలాంటి సమయానికి కావలసినవన్నీ ముందే ఉంటాయి. పెద్ద హాలు, కార్పెట్లు, వజూ కోసం నీటి ఏర్పాటు, వందల మందికి ఇఫ్తార్ వండిన అనుభవం, అన్నిటికంటే ముఖ్యంగా జుమాకు ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలిసిన మనుషులు. ఏ వీధిలో ఏ ముసలాయన ఒంటరిగా ఉన్నారో సర్కారు జాబితాలో ఉండకపోవచ్చు, మహల్లా వాళ్లకు మాత్రం తెలుస్తుంది. ఇర్మా, మరియా కథలు చూస్తే ఆ తెలియడం ఎంత విలువైనదో అర్థమవుతుంది.

ఇర్మా: గాలి పోయాక వచ్చిన వేడి

హార్వీ వాన ఆగిన ఆగస్టు 30నే ఆఫ్రికాకు పడమట కేప్ వర్డీ దీవుల దగ్గర ఇర్మా పుట్టింది. గంటకు దాదాపు 290 కిలోమీటర్ల గాలులతో 37 గంటల పాటు తగ్గకుండా సాగింది. అప్పటి వరకు ఏ తుఫానూ అంత వేగాన్ని అంతసేపు నిలబెట్టుకోలేదు. సెప్టెంబర్ 6న బార్బుడా అనే చిన్న ద్వీపం మీద పడింది. అక్కడి భవనాల్లో 95 శాతం దెబ్బతిన్నాయని ప్రధానమంత్రి గాస్టన్ బ్రౌన్ చెప్పారు. వెనకే హోసే అనే మరో హరికేన్ వస్తుండడంతో అక్కడున్న సుమారు 1,800 మందినీ పక్కనున్న ఆంటిగ్వాకు తరలించారు. సుమారు మూడు వందల ఏళ్లలో మొదటిసారి ఆ ద్వీపం మనుషులు లేకుండా మిగిలింది.

ఫ్లోరిడాలో 60 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. సెప్టెంబర్ 10న ఇర్మా ఆ రాష్ట్రాన్ని తాకింది. అమెరికాలో ఇర్మా వల్ల నేరుగా చనిపోయినవారు 10 మంది, పరోక్షంగా చనిపోయినవారు 82 మంది. పరోక్షంగా అంటే తుఫాను వెళ్లాక దాని పర్యవసానంగా: కప్పు బాగుచేస్తూ కింద పడడం, సిగ్నళ్లు లేని కూడళ్లలో ప్రమాదాలు, మూసిన గదిలో జనరేటర్ నడిపి కార్బన్ మోనాక్సైడ్ పీల్చడం, ఎండకు సొమ్మసిల్లడం.

అన్నిటికంటే కలచివేసిన ఘటన హాలీవుడ్ అనే పట్టణంలో జరిగింది. సినిమాల హాలీవుడ్ కాదు, ఇది ఫ్లోరిడాలోని ఊరు. అక్కడి ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఏసీకి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పాడైంది. గోడలు కూలలేదు, నీళ్లు రాలేదు. లోపల మాత్రం వేడి పెరుగుతూ పోయింది. మంచాల మీద ఉన్న ముసలివాళ్లు లేచి బయటికి రాలేరు. చివరికి ఆ వేడికి 12 మంది చనిపోయారని తేలింది. దగ్గర్లోనే కరెంటు ఉన్న ఆసుపత్రి ఉంది.

2018లో ఫ్లోరిడా చట్టం మార్చింది. ఇలాంటి ప్రతి కేంద్రంలో కనీసం నాలుగు రోజుల పాటు చల్లదనం నిలబెట్టగల జనరేటర్, ఇంధనం ఉండాల్సిందేనని తప్పనిసరి చేసింది.

మరియా: నెలల తరబడి చీకటి

మరియా ముందుగా సెప్టెంబర్ 18న డొమినికాను కేటగిరీ 5గా ధ్వంసం చేసింది. ఆ దేశ ప్రధానమంత్రి ఇంటి కప్పే ఎగిరిపోయింది. రెండు రోజుల తర్వాత గంటకు సుమారు 250 కిలోమీటర్ల గాలులతో ప్యూర్టో రికోలోని యబుకోవా దగ్గర తీరం దాటింది.

ప్యూర్టో రికో అమెరికా ఏలుబడిలోని ద్వీపం. జనాభా 30 లక్షల పైచిలుకు. 1917 నుంచి అక్కడివారు అమెరికా పౌరులే. అప్పుల్లో కూరుకుపోయిన విద్యుత్ సంస్థ, పాతబడిన తీగలు, రెండు వారాల ముందే ఇర్మా తీసిన దెబ్బ, ఇన్నిటి మధ్య మరియా వచ్చింది. ద్వీపం మొత్తానికీ కరెంటు పోయింది. సెల్‌ఫోన్ టవర్లలో సుమారు 95 శాతం పనిచేయలేదు. చివరి ఇళ్ల దాకా కరెంటు తిరిగి రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది.

కరెంటు లేకపోతే ఏమవుతుంది? మోటార్లు నడవవు కాబట్టి నీళ్లు రావు. ఫ్రిజ్ లేదు కాబట్టి ఇన్సులిన్ చెడిపోతుంది. డయాలసిస్ ఆగిపోతుంది. ఆక్సిజన్ యంత్రం ఆగిపోతుంది. కొండ ఊళ్లకు దారులు మూసుకుపోతే అంబులెన్స్ రాదు. వచ్చినా ఆసుపత్రి జనరేటర్ డీజిల్ మీద నడుస్తుంటుంది. ఇలా చనిపోయినవాళ్ల మరణ పత్రంలో గుండెపోటు, షుగర్, ఊపిరితిత్తుల వ్యాధి అని రాశారు. తుఫాను పేరు ఎక్కడా లేదు. అందుకే ప్రభుత్వ లెక్క 64 దగ్గరే ఉండిపోయింది.

జనం ఆ లెక్కను నమ్మలేదు. 2018 జూన్‌లో శాన్ హువాన్‌లోని చట్టసభ భవనం ముందు తమ వాళ్ల చెప్పులు, బూట్లు తెచ్చి వరుసగా పెట్టారు. లెక్కలోకి రానివాళ్లు వీళ్లే అని చూపించారు. చివరికి ప్రభుత్వం కోరిన మీదట జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తీశారు. 2017 సెప్టెంబర్ నుంచి 2018 ఫిబ్రవరి వరకు మామూలుగా ఎంతమంది చనిపోయి ఉండేవారు, నిజానికి ఎంతమంది చనిపోయారు అని పోల్చారు. ద్వీపం వదిలి వెళ్లిపోయినవాళ్లనూ లెక్కలోకి తీసుకున్నారు. తేడా 2,975. కోవిడ్ సమయంలో 'అదనపు మరణాలు' అని విన్నాం కదా, అదే పద్ధతి. ఎక్కువగా నష్టపోయింది పేద మున్సిపాలిటీల వాళ్లు, 65 ఏళ్లు దాటిన మగవాళ్లు అని కూడా ఆ అధ్యయనంలో తేలింది.

ఒక మరణం లెక్కలోకి వస్తే ఏం, రాకపోతే ఏం అనుకోవడానికి లేదు. లెక్క చిన్నదైతే వచ్చే సాయమూ చిన్నదే. తుఫాను వల్ల పోయినట్టు కాగితం మీద లేకపోతే కుటుంబానికి అంత్యక్రియల ఖర్చు కూడా అందదు. వచ్చే ఏడాది జనరేటర్లు ఎన్ని కావాలో, డయాలసిస్ రోగులను ఎక్కడికి తరలించాలో ప్రణాళిక వేసేవాడికి అసలు సమస్యే కనబడదు.

ఆ ఏడాదే ఎందుకు అన్ని వచ్చాయి?

అట్లాంటిక్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. 2017లో పేరు పెట్టిన తుఫాన్లు 17 వచ్చాయి. వాటిలో 10 హరికేన్లు. ఆ పదీ మధ్యలో చిన్న తుఫాను లేకుండా వరుసగా వచ్చాయి. అట్లాంటిక్ నీళ్లు మామూలు కంటే వెచ్చగా ఉండడం ఒక కారణం. కింది గాలి, పై గాలి వేర్వేరు వేగాలతో, వేర్వేరు దిక్కుల్లో వీస్తే సుడి చెదిరిపోతుంది. ఆ ఏడాది అట్లాంటిక్ మీద ఆ తేడా తక్కువగా ఉండడం రెండో కారణం.

వాతావరణ మార్పుల పాత్ర ఎంత? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. భూమి వేడెక్కడం వల్ల హార్వీ వాన సుమారు 15 శాతం పెరిగిందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. హార్వీని పుట్టించింది అదేనని వాళ్లు అనలేదు, వచ్చిన వానను పెంచిందన్నారు.

మూడు హరికేన్లు కలిసి అమెరికాకు చేసిన నష్టం సుమారు 265 బిలియన్ డాలర్లు. ఆ సీజన్‌లో నాలుగు పేర్లను, హార్వీ, ఇర్మా, మరియా, నేట్‌లను ఇక ఎప్పటికీ ఏ తుఫానుకూ పెట్టకూడదని ప్రపంచ వాతావరణ సంస్థ నిర్ణయించింది.

మన తీరానికి పోల్చి చూస్తే

మనకు తుఫాన్లు ఎక్కువగా రుతుపవనాలకు ముందు ఏప్రిల్, మే నెలల్లో, తర్వాత అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వస్తాయి. ఉప్పెన అంటే ఏమిటో దివిసీమకు తెలుసు. 1977 నవంబర్ 19న సముద్రం ఊళ్ల మీదికి వచ్చి సుమారు పది వేల మందిని తీసుకుపోయింది. ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మే నెలలో కృష్ణా డెల్టాకు అలాంటి పెద్ద తుఫానే వస్తే లక్షల మందిని ముందే తరలించారు. మరణాలు వెయ్యిలోపే ఆగాయి.

అంటే మొదటి ప్రమాదాన్ని, ఉప్పెనను, మనం చాలావరకు ఎదుర్కోవడం నేర్చుకున్నాం. హార్వీ రకం వాన, మరియా రకం చీకటి మాత్రం ఇంకా మన ముందున్నాయి.

2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ను గుర్తు చేసుకోండి. సులైమాన్ అలైహిస్సలాం దగ్గరికి కబురు తెచ్చిన పక్షి పేరు అది. ఆ పేరు ఇచ్చింది ఒమన్ దేశం. గాలి వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటింది. ముందస్తు తరలింపుతో ప్రాణనష్టం బాగా తగ్గింది. నగరం మాత్రం రోజుల తరబడి కరెంటు, ఫోన్, నీళ్లు లేకుండా గడిపింది.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో విజయవాడలో జరిగింది హార్వీకి చిన్న రూపం. వచ్చింది తుఫాను కూడా కాదు, వాయుగుండమే. అది తీరం దాటింది 400 కిలోమీటర్లకు పైగా దూరంలోని కళింగపట్నం దగ్గర. వాన కుంభవృష్టిగా కురిసింది, బుడమేరుకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. గాలి నంబరు చూసి నిశ్చింతగా ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఇంట్లో ముందుగా మాట్లాడుకోవాల్సినవి

హెచ్చరిక వచ్చాక తొందరలో ఏదీ గుర్తుకు రాదు. కాబట్టి ఈ విషయాలు వాన లేని రోజున, అమ్మీ అబ్బాలతో కూర్చుని తేల్చుకోవడం మంచిది.

వార్తల్లో గాలి వేగంతో పాటు మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి: ఎంత వాన పడుతుంది, ఉప్పెన ఎంత ఎత్తు, తుఫాను ఎంత నెమ్మదిగా కదులుతోంది. నెమ్మదిగా కదిలే బలహీనమైన తుఫాను, వేగంగా దాటిపోయే బలమైన తుఫాను కంటే ఎక్కువ నీళ్లు తేవచ్చు.

ఇల్లు కొనేటప్పుడు, అద్దెకు తీసుకునేటప్పుడు పాత వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటివాళ్లను అడగండి. పటంలో గీత కంటే వాళ్ల గోడ మీద మరక నమ్మదగ్గది. హ్యూస్టన్ చుట్టుపక్కల షుగర్ ల్యాండ్, కేటీ లాంటి చోట్ల, లేదా ఫ్లోరిడాలో మీ పిల్లలుంటే వరద బీమా వేరుగా ఉందో లేదో ఫోన్‌లో ఒక మాట అడగండి.

ఇంట్లో ఎవరి ప్రాణం కరెంటు మీద ఆధారపడి ఉందో రాసుకోండి: డయాలసిస్, ఆక్సిజన్, నెబ్యులైజర్, ఫ్రిజ్‌లో ఇన్సులిన్. కరెంటు వారం రోజులు రాకపోతే వాళ్లను ఎవరింటికి, ఏ ఊరికి పంపాలో ముందే అనుకోండి. వీళ్లను తుఫానుకు ముందే కదిలించాలి. దారులు మూసుకున్నాక కుదరదు. రెండు వారాల మందులు, ప్రిస్క్రిప్షన్లు, ఆధార్, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు, పాస్‌పోర్టుల కాపీలు ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంచండి.

జనరేటర్ ఎప్పుడూ ఇంటి బయట, కిటికీలకు దూరంగా నడపాలి. వరండాలో, పార్కింగ్‌లో తలుపు మూసి నడిపితే ఆ పొగకు వాసన కూడా రాకుండానే ప్రాణం పోతుంది. వరద నీళ్లలో కారు నడపవద్దు, రోడ్డు ఎక్కడ తెగిందో నీళ్ల కింద కనిపించదు.

తుఫాను తర్వాత రోజుల్లో ఎవరైనా చనిపోతే, దానికి వరద, కరెంటు కోత, అందని వైద్యం కారణమైతే, ఆ సంగతి డాక్టరుకు స్పష్టంగా చెప్పి మరణ కారణంలో రాయించుకోండి. ప్యూర్టో రికో కుటుంబాలు దీనికోసమే ఏడాది పాటు పోరాడాల్సి వచ్చింది.

మస్జిద్ కమిటీలు చేయగలిగిన పని ఒకటుంది, ఖర్చు లేనిది. మహల్లాలో ఒంటరిగా ఉంటున్న వృద్ధులు, మంచం పట్టినవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, కొడుకులు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న తల్లిదండ్రులు, ఏ మతం వాళ్లయినా సరే, ఒక కాగితం మీద పేరు, ఇంటి గుర్తు, ఫోన్ నంబరుతో రాసి ఉంచడం. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క యువకుణ్ని బాధ్యుడిగా పెట్టి, వాన ఆగిన మర్నాడు ఒకసారి, మూడో రోజు ఒకసారి, కరెంటు వచ్చేదాకా రోజూ ఒకసారి తలుపు తట్టి రావాలి.